మల్లిని ఎవరూ అడగలేదు

దసరా సెలవులకి మా అమ్మాయి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. వచ్చింది అనడమే గానీ మొదటి రెండు రోజులూ నిద్రతోనే సరిపోయింది. అన్నానికి లేపితే కళ్ళు మూసుకునే కలుపుకుని, కళ్ళు మూసుకునే తిని, మళ్ళీ పడుకునేది. మూడో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. చిక్కడపల్లిలో వాన పడితే మా సందులోకి ఆటో కూడా తొంగిచూడదు. మిరపకాయ బజ్జీలు వేశాను. అత్తయ్యగారు దివాన్ మీద కాళ్ళు చాపుకుని, "ఏదైనా పాత సినిమా పెట్టమ్మా, మల్లీశ్వరి పెట్టు" అన్నారు. మా అమ్మాయి "బ్లాక్ అండ్ వైటా?" అని మొహం ముడిచింది గానీ, బజ్జీల పళ్ళెం హాల్లోనే ఉంది కాబట్టి లేచి వెళ్ళలేదు.

నేనా సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చిన్నప్పుడు దూరదర్శన్లో చూశాను. నారాయణగూడలో బీఏ తెలుగు చదివే రోజుల్లో, భావకవిత్వం పాఠం అయిన రోజు మా మేడమ్ పుస్తకం మూసేసి ఆ సినిమా గురించే గంట మాట్లాడారు. 1951లో వాహినీ వాళ్ళ సినిమా, బి.ఎన్.రెడ్డి తీశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకి రాయడం అదే మొదలు. మాటలూ ఆయనవే, పాటలూ ఆయనవే. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. ఇన్నేళ్ళూ నాకది పాటల సినిమా, బావామరదళ్ళ ప్రేమకథ. కూరగాయలు తరుగుతూ చూసేదాన్ని, పాట వస్తే కత్తి ఆపేదాన్ని. ఆ రోజు మాత్రం పదిహేడేళ్ళ పిల్ల పక్కన కూర్చుని చూశాను. అంతే తేడా. వేరే సినిమా చూసినట్టయింది.

కథ మీకందరికీ తెలిసిందే. కృష్ణదేవరాయల కాలం. ఒక పల్లెలో మల్లి, ఆమె బావ నాగరాజు. అతను శిల్పి. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పెరిగారు. భానుమతికి అప్పటికి పాతికేళ్ళుంటాయి, పెళ్ళయింది, సొంత సంస్థ పెట్టి సినిమాలు కూడా తీసింది. అలాంటిది ఆ మొదటి గంటలో ఆవిడ నడక చూడండి. ఒక్కచోట కుదురుగా నిలబడదు. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచిపోతుంది, నవ్వు పూర్తవకుండానే మూతి ముడుస్తుంది, బండెక్కితే బండి ఆగకముందే దూకేసేలా ఉంటుంది. మా అమ్మాయి టెన్త్ క్లాసు దాకా సరిగ్గా అలాగే ఉండేది. మెట్లు దిగడం ఎలాగో దానికి తెలిసేది కాదు, దూకడమే తెలుసు. కింది వాటావాళ్ళు నాతో ఎన్నిసార్లు చెప్పారో.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అందులో విజయనగరం మనం హంపీలో చూసే విజయనగరంలా ఉండదు. ఎ.కె.శేఖర్ వేసిన సెట్లలో స్తంభాలు, మండపాలు, దీపాలు, మేలిముసుగులు అన్నీ ఎవరో కలగన్నట్టుంటాయి. మనుషులు కూడా కొంచెం నెమ్మదిగా, కొంచెం అందంగా మాట్లాడతారు. చరిత్ర పుస్తకం కావాలంటే అందులో దొరకదు. ఆ వయసు పిల్లకి లోకం ఎలా కనపడుతుందో అలా తీశారేమో అని నాకు ఆ రోజే తోచింది. పల్లెలో అంతా ఎండా, గాలీ, పరుగూ. కోటలోకి వెళ్ళాక అంతా గోడలూ నీడలూ. అందం మాత్రం ఎక్కడా తగ్గదు. అదే భయం వేస్తుంది.

ఊరికి తిరిగొచ్చే దారిలో వాన వచ్చి మండపంలో తలదాచుకుంటారు కదా, ఆ రాత్రి మల్లి ఆడి పాడుతుంది. అక్కడే మారువేషాల్లో రాయలవారూ, పెద్దనగారూ ఉంటారు. ఆ పెద్దన వేషం వేసింది రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అత్తయ్యగారు ప్రతిసారీ వేలు పెట్టి చూపించి మరీ చెబుతారు. వాళ్ళెవరో తెలియక నాగరాజు గొప్పకి పోయి, రాయలవారితో చెప్పి మా మల్లికి పల్లకీ పంపించమనండి అని సరదాగా అనేస్తాడు. ఆ వయసు మగపిల్లాడి మాట! తనకి బాగా నచ్చినదాన్ని పదిమందికీ చూపించాలన్న ఉబలాటం, అంతకంటే ఏమీ లేదు. ఈ కాలం పిల్లలైతే వీడియో తీసి పెట్టేస్తారు. ఇక మల్లి తల్లి నాగమ్మకేమో ఈ బీద అల్లుడు ఆనడు. చేతిలో డబ్బు లేనివాడికి పిల్లనివ్వనంటుంది. సంపాదించుకొస్తానని నాగరాజు ఊరు విడిచి వెళతాడు. అతను లేనప్పుడు నిజంగానే పల్లకీ వస్తుంది.

పల్లకీ సీన్ దగ్గర మా అమ్మాయి బజ్జీ పక్కన పెట్టేసింది.

"అదేంటి నానమ్మా, ఆ పిల్లని ఎవరూ అడగలేదేంటి?"

"ఏమని?"

"వెళ్తావా అని."

అత్తయ్యగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నారు. "నన్ను మాత్రం ఎవరడిగారే? పద్నాలుగేళ్ళకి పెళ్ళిచూపులు. పీటల మీద కూర్చున్నాకే మీ తాతయ్య మొహం చూశాను."

తర్వాత నా వైపు తిరిగి ఏదో అనబోయి ఊరుకున్నారు. ఏమనబోయారో నాకు తెలుసు. మా పెళ్ళి సంగతి.

అది కూడా ఇలాంటిదే. బీఏ రెండో సంవత్సరంలో త్యాగరాయ గానసభలో లలిత గీతాల పోటీకి వెళ్ళాను. మా ఫ్రెండ్ పేరు ఇచ్చి, తనకి గొంతు పట్టేసి, నన్ను తోసింది. మా ఇల్లు అప్పుడు అశోక్‌నగర్‌లో. నాన్నకి చెప్పకుండా అమ్మ చీర కట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాను. సరదాకి పాడాను. బహుమతి రాలేదు గానీ మూడో వరుసలో కూర్చున్న ఒకావిడ బయటికి వచ్చాక "ఎవరమ్మాయివి?" అని అడిగింది. ఇంటి నంబరుతో సహా చెప్పాను. వారం తిరక్కుండా ఆవిడ మా ఇంటికొచ్చింది. ఆవిడే మా అత్తయ్యగారు! డిగ్రీ అయిన నెలకి పెళ్ళి. మా అమ్మానాన్నల సంతోషం అంతా ఇంతా కాదు. మంచి సంబంధం, నడిచి వెళ్ళేంత దూరం, కట్నం ఊసే లేదు. ఎంఏ చదువుతానన్నాను. "ఆ ఇంట్లో వాళ్ళే చదివిస్తార్లే" అన్నారు నాన్న. మావారు మంచి మనిషి. అత్తయ్యగారు నన్ను ఒక్క మాట అన్నది లేదు. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. అయినా ఎంఏ అప్లికేషన్ ఫారం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలోనే ఉంది, నింపకుండా.

మల్లీశ్వరిలో రాయలవారు చెడ్డవాడు కాడు. అదే ఆ సినిమా గొప్పతనం, నన్నడిగితే. విలన్ ఉంటే కథ తేలిక. అక్కడ అందరూ మంచివాళ్ళే. రాజు కళను మెచ్చి పల్లకీ పంపాడు. తల్లి పిల్ల సుఖపడుతుందని పంపింది. బావ సరదాకి అన్నాడు. ఇంతమంది మంచితనం కలిసి ఒక పిల్లని తీసుకెళ్ళి నాలుగు గోడల మధ్య పెట్టింది. బుచ్చిబాబుగారి నాటిక ఒకటి ఈ కథకి ఆధారమని మా మేడమ్ చెప్పారు, దాని పేరు 'రాయలవారి కరుణకృత్యం'. పేరులోనే కథ రాయలవారిదైపోయింది చూడండి, దయతలచినవాడిది. బి.ఎన్.రెడ్డిగారు సినిమాకి ఆ పిల్ల పేరు పెట్టారు.

రాణివాసంలో మల్లికి నగలున్నాయి, చెలికత్తెలున్నారు, ఉషాపరిణయం ఆడే అవకాశమూ వచ్చింది. కలలో కనపడినవాడి కోసం తపించే ఉష వేషం, అదీ రాజుగారి ముందు! కానీ బయటి మగవాళ్ళతో మాట కలిపితే శిక్ష. నాగరాజు బయట, మల్లి లోపల. ఇద్దరూ మబ్బుల్ని చూస్తూ మబ్బులకి కబురు చెప్పుకుంటారు. ఆ పాట వచ్చినప్పుడల్లా నేను ఏ పని చేస్తున్నా ఆపి నిలబడతాను. ఆ రోజూ నా కళ్ళు చెమర్చాయి. అప్పుడు మా అమ్మాయి, ఏడుపూ లేదు నవ్వూ లేదు, మామూలుగా అంది:

"వీళ్ళకి ఆదివారం ఫోన్ కూడా లేదన్నమాట."

వాళ్ళ కాలేజీలో ఆదివారం పది నిమిషాలు మాట్లాడనిస్తారు. వార్డెన్ పక్కన నిలబడి ఉంటుంది. వెనక లైన్లో ఇంకో నలభై మంది పిల్లలు. అవుటింగ్ నెలకోసారి. తెల్లవారుజామున లేచింది మొదలు రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. ఆ మాట విన్నాక సినిమా ఎలా అయిందో నాకు గుర్తులేదు. రాయలవారు క్షమించారు, ఇద్దరినీ వాళ్ళ ఊరికి పంపించారు, అత్తయ్యగారు ముక్కు చీదుకున్నారు, మా అమ్మాయి చల్లారిన బజ్జీ తినేసింది.

మర్నాడు రాత్రి అదే నన్ను పిలిచింది. "నీ సినిమా నేను చూశాను కదా, నా సినిమా నువ్వు చూడు." ల్యాప్‌టాప్‌లో పెట్టింది. మేరీ ఆంటోనెట్. ఫ్రాన్స్ రాణి కథ, 2006లో సోఫియా కొప్పోలా అనే ఆవిడ తీసింది. వెర్సాయ్ రాజభవనంలోనే చాలా భాగం షూటింగ్. నేను గిలొటిన్, తల నరకడం ఉంటాయనుకుని దిండు గుండెకి హత్తుకుని కూర్చున్నాను. అవేవీ లేవు. రాణీగారు రాజభవనం వదిలి బండెక్కి వెళ్ళిపోవడంతో అయిపోతుంది. సినిమా అంతా కేకులు, గౌన్లు, కొండంత జుట్టు, చెప్పులు. రెండు వందల ఏళ్ళ కిందటి చెప్పుల గుట్టలో ఒకచోట ఇప్పటి కాన్వాస్ బూట్ల జత కనపడుతుంది. "పొరపాటున వదిలేశారా?" అన్నాను. "కాదమ్మా, కావాలనే పెట్టింది. ఆ పిల్ల కూడా నాలాంటిదే అని" అంది. పాటలు కూడా 1980ల నాటి గిటార్ పాటలు. మొదట ఎబ్బెట్టుగా ఉంది నాకు. తర్వాత అనిపించింది, మన కృష్ణశాస్త్రిగారు మాత్రం రాయల కాలం తెలుగు రాశారా? మనసుకి దగ్గరైన తెలుగు రాశారు.

ఆ పిల్లకి 1770లో పెళ్ళి. పద్నాలుగేళ్ళు. ఆస్ట్రియా నుంచి బండిలో తీసుకొచ్చి, సరిహద్దు దగ్గర ఒంటి మీది పుట్టింటి బట్టలన్నీ విప్పించి, ఫ్రాన్స్ బట్టలు తొడుగుతారు. చేతిలో ఉన్న చిన్న కుక్కపిల్లని కూడా తీసేసుకుంటారు. నాకు కాలేజీ గేటు గుర్తొచ్చింది. చేర్చిన రోజు అక్కడ మా అమ్మాయి బ్యాగు తెరిచి ఫోన్ తీశారు, కథల పుస్తకాలు రెండు తీశారు, చేతికున్న పూసల దండ తీశారు. అన్నీ ఒక కవర్లో వేసి నా చేతికిచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను. జాగ్రత్తగా చూసుకుంటారులే, క్రమశిక్షణ ఉంది అని ఆ రోజు మావారితో నేనే అన్నాను.

సినిమాలో తల్లి, మరియా థెరీసా మహారాణి, కూతురికి ఉత్తరాలు రాస్తూనే ఉంటుంది. తెర మీద కూతురి మొహం, వెనక నుంచి తల్లి గొంతు. ఇంకా కడుపు పండలేదేం, అలా ఉండు, ఇలా ఉండకు, మన రెండు దేశాల భవిష్యత్తు నీ చేతిలో ఉంది. చరిత్రలో కూడా ఆవిడ 1780లో పోయేదాకా అలా రాస్తూనే ఉందట. ఒక్క ఉత్తరంలోనైనా ఏం తిన్నావమ్మా అని ఉండదా అని చూస్తున్నాను.

"నువ్వు ఫోన్లో ఇలాగే మాట్లాడతావు" అంది మా అమ్మాయి.

కోపంగా అంటే సమాధానం చెప్పుకునేదాన్ని. స్క్రీన్ వైపు చూస్తూ, చిప్స్ తింటూ అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పది నిమిషాల ఫోన్లో నేనేం అడుగుతానో ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. వీక్లీ టెస్టులో ఎంత వచ్చింది? ఫిజిక్స్ పోయిన వారం కంటే తగ్గిందేం? సెక్షన్ మారిస్తే ఏం చేస్తావు? మీ నాన్న లోన్ తీసుకున్నారు, గుర్తుందా? ఇన్నాళ్ళూ మల్లీశ్వరి చూస్తూ నేను మల్లినని అనుకున్నాను. గానసభలో పాడిన పిల్లని కదా మరి. పల్లకీ వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి ఊరంతా చూసుకుని మురిసిపోయిన నాగమ్మ వైపు ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. ఋష్యేంద్రమణి ఎంత బాగా చేసిందో ఆవిడ! ఎక్కడా రాక్షసిలా ఉండదు. బీదరికం ఎరిగిన మనిషి, కూతురు తనలా ఉండకూడదనుకున్న మనిషి. ఎంసెట్ ర్యాంకు లేక బీఏలో చేరిన మనిషి కూడా అలాగే ఉంటుందేమో.

మర్నాడు సాయంత్రం దాన్ని తీసుకుని అశోక్‌నగర్ వైపు నడిచాను, మా పాత వీధి చూపిద్దామని. మా ఇల్లు లేదు, అక్కడిప్పుడు ఐదంతస్తుల హాస్టల్. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర ఎప్పటిలాగే గుంపులు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు. పిల్లలంటే పిల్లలు కాదు, కొందరికి నుదుటి దగ్గర జుట్టు పలచబడింది. టిఫిన్ డబ్బాలు, వాటర్ బాటిళ్ళు, మోకాళ్ళ మీద కరెంట్ అఫైర్స్ పుస్తకాలు. ఏ ఊళ్ళ నుంచో వచ్చి, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఏళ్ళకేళ్ళు ఇక్కడే ఉండిపోతారు. మా అమ్మాయి కాసేపు నిలబడి చూసింది.

"వీళ్ళంతా పల్లకీ కోసం చూస్తున్నారమ్మా" అంది. ఆ మాటలో వెక్కిరింత లేదు.

టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. ఆ మాట అడగడానికి నాకు చాలాసేపు పట్టింది. చెప్పొద్దూ, పెళ్ళిచూపుల్లో కూడా నాకంత గొంతు ఎండిపోలేదు.

"హాస్టల్ మానేస్తావా? నారాయణగూడలో డే స్కాలర్‌గా చేర్చేస్తాను. ఫీజు సంగతి నాన్నతో నేను మాట్లాడతాను."

అది ఉలిక్కిపడి చూసింది. మానేస్తానంటుందనే అనుకున్నాను. మావారికి ఏం చెప్పాలో అప్పటికే మనసులో కూడగట్టుకుంటున్నాను. అది టీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ ఆలోచించింది.

"వద్దు. ఇంకో ఐదు నెలలే కదా. అక్కడ నాకు ఒక జలజ ఉంది."

జలజ ఎవరంటే, రాణివాసంలో మల్లి చెలికత్తె. టి.జి.కమలాదేవి వేసింది. మా అమ్మాయి జలజ నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చిందట, రాత్రి దుప్పట్లో టార్చ్ పెట్టుకుని దీనికి కెమిస్ట్రీ చెబుతుందట, ఇంటి నుంచి తెచ్చిన సకినాలు సగం దీనికే పెడుతుందట. ఇన్ని నెలల్లో ఆ పిల్ల సంగతి ఒక్కసారీ నాకు తెలియలేదు. పది నిమిషాల్లో నేనెప్పుడు అడిగాను గనక.

"కానీ ఒకటి" అంది. "ఆదివారం ఫోన్లో మార్కులు అడగొద్దు. మార్కులు కాలేజీ వాళ్ళు మెసేజ్ పెడతారు కదా, అందులో చూసుకో."

సరేనన్నాను. సెలవులయ్యాక దింపడానికి నేనే వెళ్ళాను. గేటు దగ్గర బ్యాగు తెరిచారు. ఈసారి రెండు డబ్బాలు కారప్పూస పెట్టాను, ఒకటి దానికి, ఒకటి జలజకి. వాటిని తియ్యలేదు.

మొదటి ఆదివారం ఫోన్ వచ్చింది. హలో అన్నాను. తర్వాత నోట మాట రాలేదు. మార్కులు కాక ఏమడగాలో నిజంగానే తట్టలేదు. అటు నుంచి వార్డెన్ గొంతు వినపడుతోంది, లైన్లో పిల్లల గోల. ఓ అర నిమిషం అలా గడిచాక అదే అంది:

"అమ్మా, ఉన్నావా? ఇవాళ ఏం కూర చేశావు?"

"గుత్తొంకాయ" అన్నాను. ఎలా చేశానో చెప్పమంది. వంకాయలు నాలుగు పక్షాలుగా చీల్చడం దగ్గర మొదలుపెట్టి కొబ్బరి వేయించేదాకా వచ్చాను. అంతలో పది నిమిషాలు అయిపోయాయి.